కర్బూజా గింజలు, పనస తొనలు

ప్రాచీన చైనాలో ఏ కాలంలో జనం ఏం తినేవారో చోడవరం మొత్తం మీద నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఇది గొప్ప చెప్పుకోవడం కాదు. ఈ పోటీలో రెండో మనిషి లేడు.

ఎలా మొదలైందో చెప్తాను. నేను పరవాడ వైపు ఒక మందుల కంపెనీలో నాణ్యత విభాగంలో పనిచేస్తాను. చదివింది మెకానికల్ ఇంజినీరింగు, చేసేది చెక్‌లిస్టులు నింపడం. రోజూ పొద్దున్నే కంపెనీ బస్సెక్కి వెళ్ళి, సాయంత్రం అదే బస్సులో చోడవరం వస్తాను. ఒక మధ్యాహ్నం క్యాంటీన్లో నూడుల్స్ పెట్టారు. అవి అసలు ఎవరివి అన్న మాట వచ్చింది. నేను గొంతు సవరించుకుని, చైనావాళ్ళు మొదట్నుంచీ గోధుమ పిండితో నూడుల్స్ చేసుకుంటున్నారని చెప్పాను. ఎదురుగా కూర్చున్న స్టోర్స్ మనిషి కుడిచేత్తో అన్నం కలుపుకుంటూనే ఎడమచేత్తో ఫోను తెరిచి, గోధుమ అసలు చైనా పంటే కాదనీ, పడమటి వైపు నుంచి అక్కడికి వెళ్ళిందనీ, అంతకు ముందు ఉత్తర చైనావాళ్ళు తిన్నది కొర్రలూ వరిగలూ అనీ అందరికీ వినిపించేలా చదివాడు.

"ఇంజినీరు గారూ, పప్పేసుకోండి. అదైనా మనదే," అన్నాడు.

అందరూ నవ్వారు. ఓడిపోయిన మనిషి మామూలుగా టీ తాగి మరిచిపోతాడు. నేను ఆ సాయంత్రం బస్సులో ఎక్సెల్ షీటు తెరిచాను.

ఆరు కాలమ్‌లు పెట్టాను. కాలం, తిండిగింజ, నంజుకునేది, వండే పాత్ర, తినే పద్ధతి, ఆధారం. చివరిదంటే నాకు ప్రాణం. మా విభాగంలో చేరిన మొదటి రోజే నేర్పే సూత్రం ఒకటుంది: రాయని పని చేయనట్టే. ఆపరేటరు ట్యాంకు కడిగాడా లేదా అని మేం ట్యాంకులోకి చూడం, కాగితం మీదకి చూస్తాం. కాగితం మీద సంతకం లేకపోతే కడగలేదు. ఈ సూత్రాన్ని నేను చైనా మీద కూడా అమలు చేశాను. ఒక కాలంలో ఒక పదార్థం తిన్నట్టు గింజో, ఎముకో, కుండలో మరకో, రాతో దొరకకపోతే ఆ గడిలో "తినలేదు" అని రాశాను. దక్షిణాన, ఉత్తరాన, వేల ఏళ్ళ పాటు కోట్ల మంది ఎన్ని ఆకుకూరలు తిని ఉంటారో, అవన్నీ మట్టిలో కుళ్ళిపోయి ఉంటాయన్న ఆలోచన నాకు రాలేదు. నా షీటు ప్రకారం అప్పటి రైతులకి తోటకూర తెలియదు, గోంగూర తెలియదు, ఆకన్నదే తెలియదు. వాళ్ళకి మలబద్ధకం ఎలా రాలేదని కూడా నేను అనుకోలేదు.

అదే రోజుల్లో మా ఇంట్లో ఇంకో లిస్టు నా మీద పడింది.

పోయిన ఏడాది జ్యేష్ఠంలో మా తాత పోయాడు. పోయే ముందు మూడు వారాలకు పైగా విశాఖపట్నంలో ఆస్పత్రిలో ఉన్నాడు. నోటితో తినడానికి లేదు. ముక్కులో గొట్టం, గొట్టంలో పాలు, పాలలో ఏదో పొడి. జీవితమంతా చెరకు తోటలోనూ బెల్లం పొయ్యి దగ్గరా గడిపి, ఇత్తడి పళ్ళెం నిండా పెట్టించుకుని తినే మనిషి చివరికి ఆకలితో వెళ్ళిపోయాడన్నది మా నాయనమ్మ బాధ. పరామర్శకు ఎవరొచ్చినా ఆవిడ జబ్బు పేరు చెప్పేది కాదు. "ఇరవై మూడు దినాలు నోటికి మెతుకు తగల్లేదు," అని మాత్రం చెప్పేది.

మా వైపు, పోయినవాళ్ళకి ఏడాది నిండిన రోజున వాళ్ళకి ఇష్టమైనవన్నీ వండి ఆకులో పెడతారు. నాయనమ్మ ఆ ఆకు కోసమే రోజులు లెక్కపెట్టుకుంటోంది. ఒకరోజు నన్ను పిలిచింది.

"ఒరే బాబూ, అందరూ ఒండీసినవి ఆకులో పడీడం కాదు. ఆయనకి నిజంగా ఇష్టమైంది పడాల. ఆయనకి నేను పెట్టగలిగింది ఇంక ఆ ఒక్క ఆకే. నువ్వు సదూకున్నోడివి, లిస్టులు రాస్తావు కదా, రాయి."

"నీకు తెలియందేటి నానమ్మా? నువ్వే చెప్పు."

"నాకు తెలిసింది ఉండనీ. ముందు ఆళ్ళందర్నీ అడుగు."

కంపెనీలో ఎవరైనా ఇలా మాట దాటేస్తే నేను వెంటనే ఎర్ర పెన్ను తీస్తాను. ఇంట్లో తియ్యలేదు.

సర్వే బాగా జరిగింది. నాన్న "వేటమాంసం, దొండకాయ వేపుడు" అన్నాడు. గాజువాకలో ఉండే మా అత్త ఫోనులో క్షణం ఆలోచించకుండా చెప్పింది: "బిర్యానీ. మా ఇంటికొచ్చినప్పుడల్లా రెండుసార్లు ఏయించుకునీవోరు. మీ ఇంట్లో ఆయనకి ఎవులు పెట్టేరు కనక." అమ్మ కొబ్బరి పచ్చడి అంది. తాతతో కలిసి నలభై ఏళ్ళు బెల్లం వండిన పెద్దాయన్ని దేవరాపల్లి వెళ్ళి మరీ కలిశాను. ఆయన కాసేపు ఆకాశం వైపు చూసి, "పాకం దించే ముందు కొబ్బరి ముక్క పుల్లకి గుచ్చి అందులో ముంచీవోడు. అది తినేటప్పుడు మాటాడీవోడు కాదు," అన్నాడు. ఇలా పద్నాలుగు రకాలు వచ్చాయి. అమ్మ పీట దగ్గర ఎప్పుడూ కొబ్బరి పచ్చడే ఉంటుందనీ, అత్త బిర్యానీ లేకుండా ఆదివారం గడపదనీ, దొండకాయ వేపుడు కోసం నాన్న హోటళ్ళు వెతుక్కుంటాడనీ నాకు తెలుసు. అయినా నేను అడిగిన ప్రతివాళ్ళూ వాళ్ళకిష్టమైనదే చెప్పారన్న సంగతి ఇది రాస్తున్నప్పుడు గానీ నాకు వెలగలేదు. బెల్లం పెద్దాయన ఒక్కడే మినహాయింపు. ఆయనకి షుగరు.

సర్వేతో తృప్తిపడని నేను నా సొంత పరిశీలన కూడా జోడించాను. పదిహేనేళ్ళ పాటు తాత పక్కన కూర్చుని తిన్నవాణ్ణి. అందులోంచి "ఇష్టం లేనివి" అని రెండో భాగం తయారైంది. ఒకే ఒక్క అంశం ఉంది అందులో. పనసపండు.

దీనికి ఆధారం బలంగా ఉంది. మేం బెల్లం వండే పాక పక్కన పెద్ద పనసచెట్టు ఉంది. ఏటా కాస్తుంది. పండు కోసి ఇంటికి తెస్తే, నాన్న చేతులకి నూనె రాసుకుని కత్తి తీసుకునే సరికి తాత లేచి కండువా భుజాన వేసుకుని బయటకు వెళ్ళిపోయేవాడు. పండు సంగతి పూర్తయి, జిగురంటిన కాగితాలు పారేశాక వచ్చేవాడు. పదిహేనేళ్ళలో ఒక్క తొన కూడా ఆయన నోట్లో పెట్టుకోవడం నేను చూడలేదు. నాయనమ్మ కూడా ముట్టేది కాదు. "వాసన పడదు (ఇద్దరికీ)" అని రాసుకున్నాను. అయితే అదే చెట్టు లేతకాయతో ఆవ పెట్టి పనసపొట్టు కూర వండితే తాత మూడుసార్లు వడ్డించుకునేవాడు. ఈ రెండూ పొసగవు. కంపెనీలో ఇలాంటిది వస్తే కారణం తేలే దాకా ఫైలు మూయకూడదు. నేను "వింత" అని రాసి మూసేశాను.

ఇక చైనా సంగతి. ఇంట్లో నా చైనాకి ఒకే ఒక శ్రోత ఉండేది, నాయనమ్మ. సాయంత్రం నేను బస్సు దిగి వచ్చేసరికి ఆవిడ అరుగు మీద చింతపండు పోసుకుని పిక్కలు తీస్తూ ఉండేది. నేను ఫోను తెరిచి ఆ రోజు చదివింది చెప్పేవాణ్ణి. మొదటి రోజు కొర్రలూ వరిగలూ, అడుగున చిల్లులున్న కుండలో వాటిని ఆవిరి మీద వండుకోవడం, దక్షిణాన పెద్ద నది వెంబడి మాత్రం వరి. దీనికి నేను రెండు షీట్లు, ఒక పటం వాడాను.

"అంటే నీళ్ళున్నోడు వరన్నం, లేనోడు కొర్రన్నం," అంది నాయనమ్మ. "ఇక్కడా అంతే కదరా. రిజర్వాయరు నీళ్ళు రాకముందు మా అమ్మోలింట్లో గంటన్నమే, అదే సజ్జలన్నం. దీనికి సైనా దాకా ఎల్లాలేటి?"

నా రెండు షీట్లూ పటమూ ఒక్క ముక్కలో అయిపోయాయి.

జౌ రాజుల కాలంలో "మాంసం తినేవాళ్ళు" అంటే దొరలని అర్థమని చెప్పాను. "మరేటి, ఎవులింట్లో మసాలా వాసనొస్తే ఆడే దొర," అంది. అప్పట్లో అన్నం చేత్తోనే తినేవాళ్ళనీ, చాప్‌స్టిక్ పుల్లలు పులుసులో ముక్కలు తీసుకోవడానికి వాడేవాళ్ళనీ చెప్తే మాత్రం చాలా సంతోషించింది. "సేత్తో తినీవోరా? మరి మనిషి లాగే ఉన్నారు కదరా. ఆ టీవీలో పుల్లల్తోటి పొడుసుకుంటంటే నేనేటో అనుకున్నాను." టాంగ్ కాలానికి వచ్చినప్పుడు నాన్న పొలం నుంచి వస్తున్నాడు. ఇది మన చెరకు రైతులకి గర్వకారణమని ఆయన్ని కూడా ఆపాను. చెరకు రసం నుంచి పంచదార తీసే పద్ధతి నేర్చుకోవడానికి చైనా చక్రవర్తి మన దేశానికి మనుషుల్ని పంపాడని చెప్పాను.

నాన్న సైకిలు స్టాండు వేసి, తలపాగా విప్పి దులుపుకున్నాడు. "ఇప్పుడు పంపమను. సెరుకు నరకడానికి ఒక్క మనిషి దొరకట్లేదు."

సాంగ్ కాలపు పట్టణాల్లో వీధి వీధికీ పూటకూళ్ళ ఇళ్ళున్నాయన్నా, తొందరగా కోతకొచ్చే వరి రకం దక్షిణ తీరం నుంచి తెచ్చుకున్నారన్నా నాయనమ్మ వినేది. మింగ్ కాలంలో మాత్రం గొడవైంది. మొక్కజొన్న, చిలగడదుంప, మిరపకాయ అప్పుడే సముద్రాలు దాటి వచ్చాయని చెప్పాను.

"అందాకా ఆళ్ళకి మిరపకాయ లేదేటి?"

"వాళ్ళకే కాదు నానమ్మా, మనకీ లేదు. కారానికి మిరియాలే."

"మరి ఆవకాయ ఎలా పెట్టీవోరు?"

"ఆవకాయ లేదు."

ఆవిడ నావైపు చూసిన చూపు ఎలా ఉందంటే, నేను తాతని ఏదో అన్నట్టు. "సాల్లే. ఇంక ఆ ఫోను కట్టీ," అంది.

అయినా మర్నాడు మళ్ళీ వినేది. నాకు ఇంకా గొప్పగా అనిపించిందేమిటంటే, ప్రతి కాలం చివరా ఒకే ప్రశ్న వేసేది: "ఆళ్ళు సచ్చిపోయినోళ్ళకి ఏటి పెట్టీవోరు?" ఒక్క కాలాన్నీ వదల్లేదు. నా పద్ధతి, నా క్రమం నాకు ఎక్కణ్ణుంచి వచ్చాయో తెలిసిపోయిందనుకున్నాను. ఆవిడ కోసం షీటులో ఏడో కాలమ్ కూడా కలిపాను.

ఒకసారి ప్రశ్న కొంచెం మార్చింది. "బతికున్నప్పుడు మానీసింది, పోయాక పెట్టొచ్చా? దానికి ఆళ్ళేటి రాసేరు?"

రెండు రోజులు బస్సులో వెతికాను. దొరకలేదు. "ఆధారం లేదు నానమ్మా," అన్నాను. "అంటే పెట్టలేదు."

"ఓహో," అని పిక్కలు తీస్తూ ఉండిపోయింది.

ఆ తర్వాత, వెనక్కి వెళ్ళి వెతుకుతుంటే, హాన్ కాలపు సమాధి దొరికింది. అంటే నాకు, ఫోనులో. రెండు వేల ఏళ్ళ కిందటి ఒక పెద్దింటి ఆవిడ సమాధి. ఆవిడతో పాటు బియ్యం, గోధుమ, కొర్రలు, చిక్కుళ్ళు, కోడి, చేప, రకరకాల పులుసులు పెట్టారు. అంతేకాదు, ఏమేం పెట్టారో వెదురు బద్దల మీద లిస్టు రాసి అది కూడా లోపల పెట్టారు. ఏ పులుసు, ఏ మాంసంతో, ఎన్ని పాత్రలు! బస్సు శంకరం దాటే వేళకి నాకు కళ్ళు చెమర్చాయి. చచ్చిపోయినవాళ్ళ భోజనానికి చెక్‌లిస్టు రాసిన మనుషులు! ఈ భూమ్మీద నా జాతివాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు ఉన్నారు.

ఇదే ఊపుతో నాయనమ్మకి చెప్పాను. లిస్టు గురించి ఎంతసేపు చెప్పినా ఆవిడ పట్టించుకోలేదు. చివర్లో, అసలు విషయం కాదన్నట్టు, శరీరం చెడకుండా ఉండటంతో ఆవిడ కడుపులో కర్బూజా గింజలు కూడా దొరికాయని చెప్పాను. పోయే ముందు కొద్దిసేపటికే కర్బూజా తిన్నదన్నమాట.

నాయనమ్మ చేతులు ఆగాయి. "పండు తినీసి పోయిందా?"

"అవును."

"అదృష్టవంతురాలు," అంది. చింతపండు పక్కకి జరిపింది. "ఆయన ఆస్పత్రిలో ఉన్న రోజుల్లో మన సెట్టు నిండా పళ్ళేరా. పాక దగ్గరకెల్తే వాసన."

వినడం విన్నాను. లిస్టు చెప్పినంత సేపూ పలకని మనిషి గింజలకి ఎందుకు పలికిందా అని మాత్రం చిన్నబుచ్చుకున్నాను.

ఏడాది దినానికి నాలుగు రోజుల ముందు నా లిస్టు సిద్ధమైంది. కంపెనీ ప్రింటరు మీద నాలుగు కాపీలు తీశాను. (ఇది తప్పే. ఒప్పుకుంటున్నాను.) నాయనమ్మని కూర్చోబెట్టి చదివాను. పద్నాలుగు రకాలకీ తల ఊపింది. నేను రెండో భాగంలోకి వెళ్ళాను. "ఇష్టం లేనివి. ఒకటి, పనసపండు. కారణం, వాసన పడదు. కాబట్టి ఆ రోజు ఇంట్లో పనసపండు కోయరాదు."

నాయనమ్మ నా మొహంలోకి చూసింది. తర్వాత పెదవులు బిగించింది. నవ్వు ఆపుకుంటోందో ఏడుపు ఆపుకుంటోందో నాకు తెలియలేదు. రెండూ అయ్యాయి.

"ఓరి నా బాబో. వాసన పడక కాదురా ఎల్లిపోయీవోడు. వాసన తట్టుకోలేక."

అప్పుడు చెప్పింది. నేను ఒకటో తరగతిలో ఉండగా ఊళ్ళోవాళ్ళతో కలిసి వాళ్ళిద్దరూ కాశీ వెళ్ళారు. అక్కడ గంగలో ఇష్టమైనదేదైనా వదిలేసి రావాలి, మళ్ళీ జన్మలో తినకూడదు. తాత నీళ్ళలో నిలబడి కాకరకాయ వదిలేస్తున్నానన్నాడు. తాతకి కాకరకాయంటే పుట్టినప్పట్నుంచీ పడదు.

"నాకు ఒళ్ళు మండింది. గంగలో నిలబడి గంగమ్మతోటే నాటకమా, ఇష్టం లేంది ఒగ్గీడం కూడా ఒగ్గీడమేనా అని అందరి ముందూ తిట్టేను. ఆయనకి రోసమొచ్చింది. అయితే పనసపండు ఒగ్గేస్తన్నాను, సాలా? అని మునిగీసేడు." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "పనసపండంటే ఆయనకి ప్రాణంరా. పెళ్ళయిన కొత్తలో సెట్టెక్కి కోసి, పాక ఎనక కూకుని ఇద్దరం తినీవోళ్ళం. నేనే ఒగ్గించేను. నోరు మూసుకునుంటే కాకరకాయతో పోయీది. ఇరవై రెండేళ్ళు ఆ సెట్టు కింద తిరిగేడు, ముట్టలేదు. ఆయన తిననప్పుడు నాకెందుకని నేనూ మానీసేను. పిల్లలడిగితే, ఒయసొచ్చింది, పడట్లేదని సెప్పీసేం."

"మరి నువ్వు కాశీలో ఏం వదిలేశావు?"

కొంగు సర్దుకుని అటు తిరిగింది.

"దొండకాయ," అంది.

మా ఇంట్లో దొండకాయ ఎందుకు వండరో, నాన్న వేపుడు కోసం హోటళ్ళు ఎందుకు తిరుగుతాడో నాకు అప్పుడు అర్థమైంది.

"నీకు దొండకాయ ఇష్టమా?"

"సీ, జిగురు," అంది. తర్వాత నవ్వాపుకోలేకపోయింది. నేనూ నవ్వాను. తర్వాత ఆవిడ నవ్వు ఆగింది.

"ఇప్పుడు సెప్పు. ఆకులో పెట్టొచ్చా, కూడదా? పెడితే ఆయన ఒగ్గేసిన పుణ్యం పోద్దేమో. పెట్టకపోతే ఆయనకి ఇష్టమైంది పెట్టనట్టే. పంతులు గార్ని అడగలేదు. అడిగితే ఒద్దంటాడు. ఒద్దన్నాక మరింక పెట్టలేను. మీ నాన్నని అడిగితే ఏదోటి కానీ అంటాడు. అందుకని నిన్నడిగేను. ఇన్ని రోజులూ అదే అడుగుతున్నాను, నువ్వు కొర్రలూ పులుసులూ సెప్తన్నావు."

నా ఏకైక శ్రోత ఇన్ని నెలలూ ఎందుకు విన్నదో అర్థమైంది. వేల ఏళ్ళ చైనాని ఆవిడ ఒకే ప్రశ్న పట్టుకుని కూర్చుని భరించింది.

ఏదో ఒకటి చెప్పాలని ఫోను తెరిచాను. ఏడో కాలమ్‌ని పైనుంచి కిందకి లాగాను. పోయినవాళ్ళు వదిలేసిన తిండి గురించి ఒక్క ముక్క లేదు. ఒక మూల, ఎప్పుడో రాసి మరిచిపోయిన వరస కనపడింది. అక్కడి పాత ఆచారం. ఇంట్లో మనిషి పోతే దగ్గరివాళ్ళు మూడు రోజులు ఏమీ తినకూడదు. తర్వాత పల్చటి గంజి. ఆ తర్వాత ముతక అన్నం, నీళ్ళు. ఏడాది నిండితే కూరలూ పళ్ళూ. ఇంకో ఏడాదికి గానీ మాంసం లేదు. అది చదివి వినిపించాను.

"ఏడాది నిండితే పండు పెట్టొచ్చని రాసేరా?" నాయనమ్మ మొహం వెలిగింది. ముందుకి వంగి ఫోను వైపు చూసింది, చదవడం రాకపోయినా.

ఇక్కడ మామూలు మనిషైతే "అవును నానమ్మా" అని ఊరుకుంటాడు. పనసపండు ఆకులో పడుతుంది, ఆవిడ మనసు కుదుటపడుతుంది. కానీ ఆరేళ్ళు తప్పుడు ఎంట్రీల మీద ఎర్ర గీతలు గీసిన చెయ్యి ఊరుకోదు.

"పెట్టొచ్చని కాదు," అన్నాను. "తినొచ్చని. ఇది పోయినవాళ్ళ గురించి కాదు నానమ్మా. ఉన్నవాళ్ళ గురించి. దుఃఖంలో ఉన్నవాళ్ళు ఏడాది దాకా పండు తినకూడదు, నిండాక తినొచ్చు. రెండూ వేరు."

వెలిగిన మొహం ఆరిపోయింది. ఈ నోటిని గంగలో వదిలేసి రావాల్సిందని నాకనిపించింది. ఆవిడ పక్కకి తిరిగి, పనసచెట్టు ఉన్న వైపు చూస్తూ కూర్చుంది. అమ్మ రెండుసార్లు లోపల్నుంచి టీకి పిలిచింది. ఇద్దరం కదల్లేదు.

"ఉన్నోళ్ళంటే," అంది చివరికి, నెమ్మదిగా, "నేను కదా."

"ఊఁ."

"నేను ఒగ్గేసింది దొండకాయ కదా."

"ఊఁ."

లేచి టీ తాగడానికి వెళ్ళింది. నా నాలుగు కాపీల్లో ఒకటి తీసుకుని మడత పెట్టి బొడ్లో దోపుకుంది.

ఏడాది దినం నాడు ఆకులో పద్నాలుగు రకాలూ పడ్డాయి. అత్త గాజువాక నుంచి బిర్యానీ గిన్నెతో దిగి, దాన్ని ఆకు మధ్యలో పెట్టింది. నాన్న దొండకాయ వేపుడు ఆకు చివర పెట్టి, మిగిలిన గిన్నె తన దగ్గరే ఉంచుకున్నాడు. నేను కాపీ పట్టుకుని ఒక్కొక్కటీ టిక్కు పెట్టాను. పంతులు గారు ఒకసారి తలెత్తి చూసి, ఎందుకులే అన్నట్టు మళ్ళీ మంత్రాల్లో పడ్డారు. పనస ఆకులో లేదు. కర్మ అయ్యింది, దణ్ణాలు అయ్యాయి. అప్పుడు నాయనమ్మ ఆకు పక్కనే, తాత ఫొటోకి ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

"పనసపండు కోసుకు రండ్రా," అంది.

"అమ్మా, నీకు పనస పడదు కదే?" అన్నాడు నాన్న.

"ఎవులు సెప్పేరు?"

"ఇదిగో, లిస్టులో ఉంది కదా, ఇద్దరికీ పడదని," అంది అత్త, తన కాపీ చూపించి. అందరూ నా వైపు తిరిగారు. నేను నూనె గిన్నె వెతకడానికి వంటింట్లోకి వెళ్ళిపోయాను.

ఆ రోజు పండు నేనే కోశాను, ప్రాయశ్చిత్తంగా. కత్తికి నూనె రాశాను, చేతులకి రాసుకోవడం మరిచిపోయాను. అరగంట దాకా నా వేళ్ళు ఒకదాన్నొకటి వదల్లేదు. నాయనమ్మ మొదటి తొన తీసుకుని, పిక్క తీసి పక్కన పెట్టి, ఫొటో వైపు చూసింది.

"ఒగ్గేసింది నువ్వు. నేను కాదు," అంది. "నీ పుణ్యం నీకుంది. నేను తింటాను, నువ్వు కూకుని సూడు. ఈసారి ఎక్కడికి ఎల్లిపోతావో నేనూ సూస్తాను."

ఆగకుండా తింది. నోటి పక్కన రసం కారినా తుడుచుకోలేదు. తింటున్నంత సేపూ మధ్య మధ్యలో ఫొటో వైపు చూస్తూ, పాక వెనక కూర్చున్న పెళ్ళికూతురు వెక్కిరించినట్టు వెక్కిరించింది. అత్త ఏడ్చింది. తర్వాత ఆవిడ కూడా ఒక తొన అందుకుంది. నాయనమ్మ ఎన్ని తిన్నదో నేను లెక్కపెట్టలేదు. లెక్కపెట్టకుండా ఉండటం ఎంత కష్టమైందో నాకే తెలుసు. నేను తిన్నవి మాత్రం లెక్క ఉంది, పంతొమ్మిది. రెండు రోజులు కంపెనీకి సెలవు పెట్టాను. నాయనమ్మకి ఏమీ కాలేదు.

మూడో రోజు బస్సులో షీటు తెరిచాను. "తినలేదు" అని రాసిన ప్రతి గడిలోనూ అది చెరిపేసి "తెలియదు" అని రాశాను. అనకాపల్లి దాటాక మొదలుపెడితే పరవాడ వచ్చేదాకా పట్టింది. ఇప్పుడు నా షీటులో తెలిసినవి తక్కువ, తెలియనివి ఎక్కువ. క్యాంటీన్లో స్టోర్స్ మనిషి, "ఏటి ఇంజినీరు గారూ, సైనా ఎందాకా వచ్చింది?" అంటే "తెలియదు" అన్నాను. ఆయన నవ్వి తన పనసపొట్టు కూరలోంచి కొంచెం నాకు వేశాడు.

ఇంటి లిస్టులో కూడా ఒక సవరణ చేశాను. రెండో భాగంలో పనసపండు కొట్టేసి, దొండకాయ అని రాసి, ఎదురుగా "నాయనమ్మ. తినరాదు. కారణం: కాశీ" అని పెట్టాను. సంతకం కోసం నాయనమ్మ దగ్గరకి పట్టుకెళ్ళాను. ఆవిడ వేలిముద్ర వేసింది. కాగితం మీద పనస జిగురు అంటుకుంది.